రోమ్, నేపుల్స్ రేవుల్లో ఓడ వాళ్ళ టూర్ లేకుండా సొంతంగా తిరగొచ్చా?

పుల్లట్టు_ప్రియ
మే నెలకి బార్సిలోనాలో ఎక్కి బార్సిలోనాలోనే దిగే 7 రాత్రుల క్రూజ్ బుక్ చేశాం. వరస ఇది: మార్సెయ్, లివోర్నో, చివితావెక్కియా అంటే రోమ్, నేపుల్స్, ఒక రోజు పూర్తిగా సముద్రం, పాల్మా, మళ్ళీ బార్సిలోనా. ఐదుగురం. మేమిద్దరం, ఏడేళ్ళ పాప, అత్తయ్య, మామయ్య. మామయ్యకి మోకాళ్ళ నొప్పి, మెట్లు కష్టం. ఓడ వాళ్ళ టూర్ ఒక్క రోమ్‌కే తలకి వంద డాలర్ల పైన చూపిస్తోంది. జెండా పట్టుకున్నాయన వెనకాల నలభై మందితో పరిగెత్తడానికి అంత పెట్టాలా? రోమ్‌లో పొద్దున 7కి ఆగుతుంది, సాయంత్రం 7కి కదులుతుంది, 6.30కల్లా అందరూ ఎక్కేయాలి. భయం ఒక్కటే, రైలు ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు కదా. అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే.

రైలుబండి_రాజు
రోమ్‌కి సొంతంగా వెళ్ళండి, అనుమానమే వద్దు. కాకపోతే లెక్క తిరుగు రైలు నుంచి మొదలుపెట్టాలి, పొద్దుటి రైలు నుంచి కాదు.

6.30కి ఆఖరి గడువు. అందులోంచి వెనక్కి రండి. ఓడ ఎక్కేచోట సంచుల స్కానింగ్, క్యూ 15 నిమిషాలు. లార్గో దెల్లా పాచె అనే చోటి నుంచి ఓడ దాకా రేవు వాళ్ళ ఉచిత షటిల్ బస్సు, సాయంత్రం రద్దీలో ఎదురుచూపుతో కలిపి 25 నిమిషాలు. రైల్వే స్టేషన్ నుంచి లార్గో దెల్లా పాచెకి నడిస్తే 20 నిమిషాలు, మామయ్యగారితో అయితే బస్సో టాక్సీయో. మొత్తం గంట పైచిలుకు. అంటే 5.15కి చివితావెక్కియా స్టేషన్‌లో దిగినా అందుకుంటారు. కానీ మీరు 4.45కల్లా దిగే రైలు పట్టుకోండి. అరగంటకి ఒకటి చొప్పున రీజనల్ రైళ్ళుంటాయి, ఒకటి రద్దయినా వెనకాల ఇంకోటి చేతిలో ఉంటుంది. రోమ్ వదలాల్సింది 3.45 ప్రాంతంలో.

ఓరుగల్లు_ఓడ
రాజు గారి లెక్క పక్కా. ఒక్కటి కలుపుతున్న. రోమా తెర్మినీ స్టేషన్‌ల చివితావెక్కియా రైళ్ళు 25 దాటిన ప్లాట్‌ఫామ్‌ల మీద ఆగుతయి. అవి మెయిన్ హాలుకి ఆనుకొని ఉండవు, పక్కకి పోయి మస్తు దూరం నడవాలె. పెద్దోళ్ళతోని పది నిమిషాలు పెట్టుకోండి. రెండు నిమిషాలుంది గదా అని హాల్‌ల నిలబడితే రైలు పోతది.

రైలుబండి_రాజు
అందుకే అసలు తెర్మినీ జోలికి పోవద్దనేది నా మాట. ఆ రైలే ఓస్తియెన్సే, త్రస్తేవేరే, శాన్ పియెత్రో స్టేషన్లలో కూడా ఆగుతుంది. శాన్ పియెత్రోలో దిగితే వాటికన్‌కి పావుగంట నడక. ఓస్తియెన్సేలో దిగితే కిందనుంచి సొరంగ దారిలో పిరామిదె మెట్రోకి వెళ్ళి, బీ లైన్‌లో రెండో స్టాప్ కొలోసియం. పొద్దున ఒకచోట దిగి, సాయంత్రం ఇంకోచోట ఎక్కండి. ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యక్కర్లేదు.

టికెట్ విషయం. బిర్గ్ అనే రోజంతా టికెట్ అడగండి, తలకి 12 యూరోల లెక్క. చివితావెక్కియా నుంచి రానూపోనూ రీజనల్ రైలు, రోమ్‌లో మెట్రో, బస్సులు అన్నీ అందులోనే, ఆ రోజు అర్ధరాత్రి దాకా. కాగితం మీద పేరు, పుట్టిన తేదీ రాయాలి. ఎక్కేముందు స్టేషన్‌లోని చిన్న మెషీన్‌లో దూర్చి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే డబ్బు కట్టిన టికెట్‌కే జరిమానా వేస్తారు. ఇంటర్‌సిటీ, ఫ్రెచ్చా అనే వేగం రైళ్ళలో ఇది చెల్లదు. ప్లాట్‌ఫామ్ మీద ముందొచ్చింది కదా అని ఎక్కేయకండి.

పుల్లట్టు_ప్రియ
పాపకి కూడా బిర్గ్ కావాలా?

రైలుబండి_రాజు
రోమ్ మెట్రో, బస్సుల్లో 10 ఏళ్ళ లోపు పిల్లలకి పెద్దవాళ్ళ తోడుంటే ఉచితం. రైల్లో ఊరికే వెళ్ళేది 4 ఏళ్ళ లోపు వాళ్ళే. కాబట్టి పాపకి రానూపోనూ రైలు టికెట్ ఒక్కటి చాలు, పిల్లల ధర అడగండి.

తీరం_తెలుగు
సమ్మె సంగతి ఎవరూ అనలేదేం? ఇటలీలో రైళ్ళ సమ్మెలు తరచూ ఉంటాయి, కానీ ముందే ప్రకటిస్తారు. సమ్మెకి ఇటాలియన్ మాట షోపెరో. ప్రయాణానికి వారం ముందు ఈ మాట, తేదీ కలిపి వెతకండి. సమ్మె ఉన్నా పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని రైళ్ళు తప్పకుండా నడపాలని నియమం. మీకు ఇబ్బంది ఎక్కడంటే, పొద్దున రైలు దొరుకుతుంది, సాయంత్రం గ్యారంటీ రైళ్ళు మొదలయ్యేసరికి మీ ఓడ గడువు ముంచుకొస్తుంది. సమ్మె రోజు పడితే రోమ్‌కి ఓడ బస్సే మేలు.

బోర్డు మీద ఇంకో మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. బినారియో అంటే ప్లాట్‌ఫామ్. రితార్దో అంటే ఆలస్యం, పక్కన నిమిషాలు వేస్తారు. సొప్రెస్సో అంటే రద్దు.

అవొమిన్_అక్క
నేను వేరే మాట చెప్తాను. అందరూ రోమ్ గురించి బెంగపడతారు గానీ ఈ వరసలో బెంగపడాల్సింది నేపుల్స్ గురించి. పుల్లట్టు గారూ, మీ వరస మళ్ళీ చదవండి. రోమ్‌లో ఓడ తప్పిపోయిందే అనుకోండి, మర్నాడు ఓడ ఉండేది నేపుల్స్‌లో. రోమ్ నుంచి హైస్పీడ్ రైల్లో గంటంపావు. పొద్దున టిఫిన్ వేళకి ఓడ దగ్గర నిలబడతారు. లివోర్నోలో తప్పిపోయినా చివితావెక్కియా అదే సముద్రతీరపు రైలు దారిలో ఉంది. నేపుల్స్‌లో తప్పిపోతే? మర్నాడంతా సముద్రం, ఆ మర్నాడు పాల్మా. పాల్మా ఉన్నది ద్వీపం మీద, నేపుల్స్ నుంచి సమయానికి చేరాలంటే విమానమే గతి. మే నెలలో, ఆఖరి నిమిషంలో, ఐదు టికెట్లు.

పైగా అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన ప్రాచీన నగరం పాంపేయికి వెళ్ళే చిర్కుంవెసువియానా రైలు పాతది, కిక్కిరిసి ఉంటుంది, ఆలస్యాలు మామూలే. నా సలహా: ఓడ టూర్ ఒక్కటి కొనాలనుంటే నేపుల్స్‌లో కొనండి, అదీ సగం రోజుది. ఓడ వాళ్ళ టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్ళది. మీరు కొనేది గైడ్‌ని కాదు, ఆ హామీని.

రైలుబండి_రాజు
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైనది. నేను రైళ్ళే చూశాను, తర్వాతి రేవు చూడలేదు.

ఓరుగల్లు_ఓడ
నేనొప్పుకోను. నేపుల్స్ రేవు ఊరి నడుమనే ఉంటది. ఓడ దిగి రోడ్డు దాటితే ఎదురుంగనే కోట, ఆడనే మునిచీపియో మెట్రో. లైన్ 1ల గరిబాల్దీ, ఆడ కిందికి పోతే చిర్కుంవెసువియానా. పాంపేయి వద్దనుకుంటే అట్లనే పూడిపోయిన ఇంకో పాత ఊరు హెర్క్యులేనియం పోండి. ఎర్కొలానో స్కావి స్టేషన్ 20 నిమిషాలల్ల వస్తది. స్టేషన్ నుంచి సముద్రం దిక్కు సక్కగ దిగుడు దారి, పది నిమిషాలు. రైళ్ళు ఆగిపోయినా ఓడ పది పన్నెండు కిలోమీటర్లే, టాక్సీ ఎక్కి వచ్చేయొచ్చు. గింత దగ్గరికి ఓడ టూర్ ఎందుకు?

అవొమిన్_అక్క
హెర్క్యులేనియం అయితే సరే, ఒప్పుకుంటున్నాను. నా భయం పాంపేయి గురించే. ఐదుగురికి ఒక టాక్సీ సరిపోతుందో లేదో చూసుకోండి, మామూలు కారులో నలుగురే. నేపుల్స్ టాక్సీల్లో కొన్ని దారులకి స్థిర ధరలుంటాయి, కారు కదలకముందే ఆ ధరే కావాలని చెప్పాలి. మీటర్ మొదలయ్యాక అడిగితే లాభం లేదు.

మట్టిలో_మాణిక్యం
మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనకి నా ఓటు కూడా హెర్క్యులేనియంకే. పాంపేయి వీధులు పెద్ద పెద్ద నల్లరాళ్ళ పరుపు. బండి చక్రాలు రాచుకుపోయి గాళ్ళు పడ్డాయి. ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య సందులు, వీధి దాటడానికి మోకాలెత్తు దిమ్మలు. గంట నడిచేసరికి పాదం మెలిక పడుతుంది. పాంపేయే కావాలంటే ఆంఫిథియేటర్ వైపు గేటు నుంచి వెళ్ళండి, అక్కడి నుంచి చక్రాల కుర్చీలు కూడా పోయేలా సమతలంగా చేసిన దారి ఒకటుంది, మూడు కిలోమీటర్లు దాటుతుంది.

హెర్క్యులేనియం చిన్నది, రెండు గంటల్లో నింపాదిగా చూడొచ్చు. క్రీ.శ. 79లో వెసువియస్ బద్దలైనప్పుడు పాంపేయి మీద ముందు బూడిద, తేలిక రాళ్ళు వానలా పడ్డాయి, కప్పులు కూలాయి. ఇక్కడ మండే బూడిద ప్రవాహం వచ్చి ఊరిని ఇరవై మీటర్ల లోతున కప్పేసింది. ఆ వేడికి కలప కాలి బూడిద కాకుండా బొగ్గై అలాగే నిలిచింది. దూలాలు, తలుపు చట్రాలు, మంచం కోడు కూడా కనిపిస్తాయి. పాప అడిగే ప్రశ్నలకి జవాబులు అక్కడే ఎక్కువ.

పాంపేయి టికెట్లు 2024 నవంబర్ నుంచి పేరు మీదే ఇస్తున్నారు, రోజుకి 20,000 మందికే. గుర్తింపు కాగితం ఉండాలి. 30 గుణించు 30 గుణించు 15 సెంటీమీటర్లు దాటిన సంచి లోపలికి రానివ్వరు. 18 ఏళ్ళ లోపు వాళ్ళకి ప్రవేశం ఉచితం, పాపకి కూడా సున్నా ధర టికెట్ తీసుకోండి.

ఓరుగల్లు_ఓడ
దిగేటప్పుడు దారి దిగుడు అన్న గదా, వచ్చేటప్పుడు అదే ఎక్కుడు. మామయ్యగారికి ఆ పది నిమిషాలు ఇరవై పెట్టుకోండి. జేబులు జర భద్రం, గరిబాల్దీల రద్దీ ఎక్కువ. సంచి ముందుకు వేస్కోండి.

పుల్లట్టు_ప్రియ
అక్కా, ఈ తర్వాతి రేవు లెక్క నాకు తట్టనే లేదు. అయితే పాస్‌పోర్టులు ఒంటి మీద ఉంచుకోవాలా, ఓడలో పెట్టాలా? ఓడ తప్పిపోతే అవి లేకుండా ఎలా?

తీరం_తెలుగు
వెంట ఉంచుకోవాలి. పాస్‌పోర్ట్ లేకుండా పాల్మాకి విమానం ఎలా ఎక్కుతారు?

సరంగు_సాయి
నేను ఓడలో పెట్టమంటాను. కారణం చెప్తా. గడువు దాటినా మీ ఓడ కార్డు (ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చూపించేది) స్కాన్ కాలేదంటే సిబ్బంది పేరు పిలుస్తారు, తర్వాత కేబిన్‌కి వెళ్ళి లాకర్‌లో పాస్‌పోర్టులున్నాయేమో చూస్తారు. ఉంటే ఆ రేవులో ఓడ ఏజెంట్‌కి అప్పగించి వెళ్తారు. అందుకే రోజూ ఇచ్చే కార్యక్రమాల కాగితం మీద పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబర్ ఉంటుంది. పొద్దున దిగేముందు ఆ కాగితం ఫోటో తీసుకోండి.

అదే గరిబాల్దీ స్టేషన్‌లో పాస్‌పోర్ట్ పోయిందనుకోండి. పోలీసు ఫిర్యాదు, రోమ్‌లో ఎంబసీ, అక్కడ అత్యవసరంగా ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకి తిరిగి రావడానికే పనికొస్తుంది. క్రూజ్ అక్కడితో సరి. ఓడ తప్పిపోవడం కన్నా సంచి పోవడానికే అవకాశం ఎక్కువ. కొన్ని ఓడల్లో అసలు మీ చేతికే ఇవ్వరు, ఎక్కేటప్పుడే తీసుకుని రసీదు ఇచ్చి ఆఖరి రోజు తిరిగిస్తారు. రంగు జిరాక్స్, వీసా పేజీ ఫోటో మటుకు వెంట ఉండాలి.

తీరం_తెలుగు
ఏజెంట్‌కి అప్పగిస్తారన్నది సరే, కానీ పాస్‌పోర్ట్ సూట్‌కేసు అడుగున చీరల మధ్య ఉంటే ఎవరు వెతుకుతారు? లాకర్‌లోనే పెట్టాలి, ఐదూ ఒకే కవర్‌లో. ఆ మాట కూడా చెప్పండి.

సరంగు_సాయి
అవును, లాకర్‌లోనే. ఐదూ ఒకే కవర్.

వీసా_వివరం
ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. ఈ రేవులన్నీ ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెంజెన్‌లోనివే, కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసా సరిపోతుంది. కానీ మీ ఓడ కంపెనీ ప్రయాణ పత్రాల పేజీలో మల్టిపుల్ కావాలని రాసిందేమో చూడండి, చెకిన్ కౌంటర్‌లో వాళ్ళ మాటే చెల్లుతుంది. వరసలో ట్యునిస్, కోటోర్, కుషాదాసి లాంటివి ఏవైనా ఉంటే మల్టిపుల్ తప్పనిసరి, ఎందుకంటే అవి షెంజెన్ బయట. దుబ్రోవ్నిక్‌కి పాత సలహాలు నమ్మకండి, క్రొయేషియా 2023 జనవరి 1న షెంజెన్‌లో చేరింది.

ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలంటే, ఎక్కువ రోజులు ఎక్కడుంటే అక్కడ. ఇటలీ మూడు రోజులు. స్పెయిన్‌లో ఎక్కే రోజు, పాల్మా, దిగే రోజు, ఇంకా బార్సిలోనా హోటల్ రాత్రులు. ఎక్కడానికి ముందు రెండు రాత్రులు హోటల్ పెట్టుకుంటే స్పెయిన్‌దే పైచేయి. విమానం ఆలస్యమైనా ఓడ దక్కుతుంది.

చికాగో_చిన్నోడు
అమెరికాలో ఉన్న మనవాళ్ళు సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్ బుక్ చేసేటప్పుడు ఇలాంటిదే మర్చిపోతారు. ఆ ఓడలు చివర్లో కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగుతాయి. విదేశీ జెండా ఓడలు మధ్యలో విదేశీ రేవు తాకాలని 1886 నాటి అమెరికా చట్టం వల్ల. దిగకపోయినా ఇండియన్ పాస్‌పోర్ట్‌కి కెనడా వీసా అడుగుతారు.

పుల్లట్టు_ప్రియ
లివోర్నోలో ఫ్లోరెన్స్ వెళ్ళాలా, పీసా చాలా?

రైలుబండి_రాజు
పెద్దవాళ్ళతో ఫ్లోరెన్స్ వద్దు. లివోర్నో సరుకుల రేవు, లోపల నడవనివ్వరు. షటిల్ ఎక్కి ఊరి నడుమ దిగాలి, అక్కడి నుంచి సిటీ బస్సులో స్టేషన్, అక్కడి నుంచి గంటన్నర రైలు. వెళ్ళడానికే రెండున్నర గంటలు, రావడానికి మళ్ళీ అంతే. పీసా పావుగంట ఇరవై నిమిషాలు. పీసా చెంత్రాలెలో దిగితే గోపురానికి అరగంట నడక, అక్కడే రైలు మారి శాన్ రొస్సోరేలో దిగితే ఐదారు నిమిషాలే. అదే దారిలో ఇంకో అరగంట లోపు లుక్కా ఉంది. ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్ల పైన కోటగోడ, మీద చెట్ల నీడలో వెడల్పాటి బాట. ఎక్కడానికి వాలు దారులున్నాయి, మెట్లు అక్కర్లేదు. మామయ్యగారికి ఈ ప్రయాణం మొత్తంలో హాయైన నడక అదే.

మట్టిలో_మాణిక్యం
పీసా గోపురం మీదకి 8 ఏళ్ళ లోపు పిల్లలని ఎక్కనివ్వరు. పాపకి ముందే చెప్పి ఉంచండి, అక్కడికెళ్ళాక ఏడిస్తే కష్టం. గోపురాన్ని చేత్తో నిలబెట్టే ఫోటోకి వయసు నియమం లేదు.

అవొమిన్_అక్క
మార్సెయ్‌లో మటుకు ముందస్తు టికెట్లు ఏవీ కొనకండి. మిస్త్రాల్ అనే ఉత్తర గాలి విసిరితే ఓడ ఒక్కోసారి రేవులోకే వెళ్ళదు. ఓడ టూర్ అయితే డబ్బు వెనక్కొస్తుంది, మీరు కొన్నది రాదు. ఆ రాత్రే అలలు కూడా ఎక్కువ. పడనివాళ్ళు అవొమిన్ లాంటిది డాక్టర్‌ని అడిగి వెంట ఉంచుకోండి. వాంతులు మొదలయ్యాక కాదు, ఓడ కదలకముందే వేసుకోవాలి. కేబిన్ ఇంకా ఎంచుకోకపోతే కింది అంతస్తుల్లో, ఓడ పొడవుకి మధ్యలో తీసుకోండి, ఊపు తక్కువ.

గోంగూర_గిన్నె
అత్తయ్య, మామయ్య శాకాహారులా? ఓడలో తిండి గురించి ఒక్క మాట.

పుల్లట్టు_ప్రియ
ఇద్దరూ శాకాహారులే. గుడ్డు కూడా ముట్టరు. రైస్ కుక్కర్ పెట్టుకోమంటోంది అత్తయ్య.

గోంగూర_గిన్నె
వద్దు, ఎక్కేటప్పుడే స్కానింగ్‌లో తీసేసుకుంటారు. కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, వేడి పుట్టించేవేవీ రానివ్వరు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా. ఓడలో నిప్పంటే వాళ్ళకి అన్నిటికన్నా భయం.

చేయాల్సింది ఇది. బుకింగ్‌లో భోజనం కోరికల దగ్గర గుడ్డు లేని ఇండియన్ వెజిటేరియన్ అని నెల ముందే రాయించండి. మొదటి రాత్రి డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌ని కలవండి. చాలా ఓడల వంటింట్లో మనవాళ్ళుంటారు. రేపు రాత్రికి పప్పు, అన్నం, ఒక కూర అని ఇవాళే చెప్తే చేసి పెడతారు. అప్పటికప్పుడు అడిగితే కుదరదు. పొద్దున బఫేలో తియ్యగా లేని పెరుగు దొరుకుతుంది, అన్నం అడిగితే తెస్తారు. సీలు వేసిన ఆవకాయ ప్యాకెట్లు పెట్టెలో పెట్టుకుంటే అత్తయ్యగారికి పెరుగన్నం గడిచిపోతుంది. పాలు, నెయ్యి, మాంసం సరుకులు ఐరోపాలోకి తేకూడదు, అందుకని నెయ్యి సీసా, పాలకోవా వద్దు. బఫేలోని పళ్ళు, శాండ్‌విచ్‌లు రేవులోకి తీసుకుపోవడం కూడా కుదరదు.

చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఓడల్లో వ్యాపించే నోరోవైరస్‌కి గుమ్మం దగ్గరి జెల్ సరిగా పనిచెయ్యదు.

సరంగు_సాయి
ఫోన్లు ఓడ ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్. తీరం దాటాక ఓడ సొంత నెట్‌వర్క్ తగులుకుంటే బిల్లు మోత మోగుతుంది, మామూలు రోమింగ్ ప్యాక్‌లో అది రాదు. మీ రేవులన్నిటికీ ఒకే సమయం కాబట్టి గడియారం మార్చే బాధ లేదు. గ్రీసు వైపు వెళ్ళే వరసల్లో గంట తేడా వస్తుంది, అక్కడ ఓడ సమయమే లెక్క.

పుల్లట్టు_ప్రియ
అందరూ చెప్పింది కలిపి రాసుకున్నా. లివోర్నో: శాన్ రొస్సోరే, లుక్కా. నేపుల్స్: హెర్క్యులేనియం, మధ్యాహ్నం 2కల్లా ఓడ దగ్గర. రోమ్: పొద్దున శాన్ పియెత్రోలో దిగి వాటికన్, మధ్యాహ్నం కొలోసియం, ఓస్తియెన్సేలో 3.45 రైలు. సరేనా?

తీరం_తెలుగు
రోమ్ ఏ వారం పడింది?

పుల్లట్టు_ప్రియ
బుధవారం.

తీరం_తెలుగు
అయితే తిరగెయ్యండి. బుధవారం పొద్దున పోప్ జనాలకి దర్శనమిచ్చే రోజు. అది చౌకులో జరిగితే మధ్యాహ్నం దాకా సెయింట్ పీటర్స్ బసిలికా (పెద్ద చర్చి) లోపలికి వెళ్ళనివ్వరు. పొద్దున ఓస్తియెన్సేలో దిగి 10.30 టైముకి కొలోసియం టికెట్ తీసుకోండి, పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయాలి. తర్వాత మెట్రో బీలో తెర్మినీ, అక్కడ A లైన్‌కి మారి ఒత్తావియానో. 1.30కి బసిలికా క్యూలో ఉండండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు అందరికీ. 3.15 అయ్యిందంటే క్యూ ఎక్కడున్నా వదిలేసి శాన్ పియెత్రో స్టేషన్‌కి.

దారి పొడుగునా నసోనె అనే ఇనప కుళాయిలుంటాయి, నీళ్ళు ధారగా పారుతూనే ఉంటాయి, తాగొచ్చు. కింది మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి. పాపకి చూపించండి.

రైలుబండి_రాజు
శాన్ పియెత్రోకి వచ్చేసరికి రైలు తెర్మినీ నుంచి నిండి ఉంటుంది. ప్లాట్‌ఫామ్ మధ్యలో కాకుండా చివరి పెట్టెల దగ్గర నిలబడండి, జనం తక్కువ. మామయ్యగారిని ముందు ఎక్కించండి.